రెసిడెన్సీ మెట్ల నుంచి సుల్తాన్ బజారు దాకా
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కోఠీ అనగానే మనకు సిటీ బస్సులు, పాత పుస్తకాల దుకాణాలు గుర్తుకొస్తాయి. అసలు ఆ పేరు బ్రిటిష్ రెసిడెన్సీ భవనం వల్ల వచ్చింది. రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ 1803లో దాన్ని మొదలుపెట్టించాడు. నక్షా మద్రాసు ఇంజనీరు శామ్యూల్ రస్సెల్‌ది, ఖర్చు నిజాముది. పెద్ద నక్షా చూపితే నిజాం కాదన్నాడనీ, దాన్నే చిన్న కార్డు మీద గీసి పంపితే ఒప్పుకున్నాడనీ చెబుతారు. ఫైళ్లు నడిపిన మనకు ఇందులో వింతేమీ లేదు!

ముందు ఆరు కొరింథియన్ స్తంభాలు, మెట్లకు ఇరువైపులా సింహాలు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదనే. 1949లో ఇది మహిళా కళాశాల అయింది.

చుట్టూ ఉన్న రెసిడెన్సీ బజార్లలో నిజాం అధికారం చెల్లేది కాదు. అందువల్ల షావుకార్లు, వర్తకులు ఇక్కడ స్థిరపడ్డారు. కింద దుకాణం, పైన కాపురం. ఈ చాయలలోనే 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావుగారి ఇంట శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. 1933లో ఈ బజార్లు తిరిగి నిజాముకు దక్కి సుల్తాన్ బజారు అయ్యాయి.

ఇక నా మాట. గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఒక పాత మేడ ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. చెక్క వసారా ఉన్న ఇల్లు. ఆఫీసుకు పది నిమిషాల నడక. వెళ్లి చూడలేదు. “శిథిలం, తొలగించవచ్చును” అని నోటు పెట్టాను. పైవారు సంతకం చేశారు. నెల తిరిగేసరికి అక్కడ ఖాళీ జాగా. కాగితం మీద ఎంత పెద్ద ఇల్లయినా చిన్నదే.

మరమ్మతులయ్యాక 2023లో మా మనుమరాలు నన్ను రెసిడెన్సీ చూడటానికి తీసుకువెళ్లింది. “ముప్ఫై ఏళ్లు ఈ దారినే వెళ్లావు కదా తాతయ్యా, ఎన్నడూ చూడలేదా?” అంది. జవాబు చెప్పలేకపోయాను.

మిత్రులారా, మీరున్న పాత ఇళ్ల ఫోటోలు, దస్తావేజులు పెట్టెల్లో ఉంటే బయటికి తీయండి. ఏ గదిలో ఎవరున్నారో పిల్లలకు రాసి ఇవ్వండి. ఫైలు మూసేముందు ఒకసారి వెళ్లి చూడాలని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.