పక్క ఫ్లాట్‌లో టీవీ, మన బెడ్‌రూమ్‌లో డైలాగులు: మీ గోడ ఎంత శబ్దం ఆపుతుంది?

ఈ ఎపిసోడ్‌ని ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే చూస్తున్నారు కదా? మంచిది. లేకపోతే మీ పక్కింటివాళ్లు కూడా నా మాటలు వినాల్సి వస్తుంది, పాపం. నవ్వకండి, ఈరోజు టాపిక్ అదే.

కొండాపూర్, నల్లగండ్ల, తెల్లాపూర్, నార్సింగి, కోకాపేట... ఈ వైపు ఫ్లాట్ చూడటానికి వెళ్తే ఏం చూపిస్తారు? క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్, మోడల్ ఫ్లాట్‌లో తెల్ల సోఫా. తూర్పు ముఖమా పడమర ముఖమా అని అరగంట డిస్కషన్. అప్పుడు మీరు మెల్లగా ఒక ప్రశ్న వేయండి: "ఈ గోడ ఎన్ని డెసిబెల్స్ శబ్దం ఆపుతుందండీ?" సేల్స్ అబ్బాయి మీ వైపు వింతగా చూస్తాడు. తప్పు అతనిది కాదు. అతనికి ఎవరూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, ఎవరూ కొలవలేదు కాబట్టి.

కోటిన్నర పెట్టి కొంటాం. ఇరవై ఏళ్లు ఈఎంఐ కడతాం. లిఫ్ట్‌కి టెస్ట్ ఉంది, ఫైర్‌కి ఎన్‌ఓసీ ఉంది, కాంక్రీట్‌కి క్యూబ్ టెస్ట్ ఉంది. ఇంట్లో నిద్ర పడుతుందా లేదా అన్నదానికి మాత్రం ఏ టెస్టూ లేదు.

ఇది కొలవలేని విషయమైతే వేరే సంగతి. ఇంగ్లండ్, వేల్స్‌లో 2004 జులై నుంచే కొత్త ఇళ్లకి ఈ టెస్ట్ రూల్‌గా ఉంది. లండన్‌లో మీ కజిన్ ఎవరైనా కొత్త ఫ్లాట్ కొనుంటే అడగండి. కట్టడం అయ్యాక, జనం దిగకముందే, ఒకే రకం ఇళ్లలో పదింటికి ఒకటి చొప్పున తీసుకుని కొలుస్తారు. రెండు ఇళ్ల మధ్య గోడ కనీసం 45 డెసిబెల్స్ ఆపాలి. పాత ఆఫీసునో గోడౌన్‌నో ఇళ్లుగా మారిస్తే కొంచెం సడలింపు ఇచ్చి 43 అన్నారు. ఫెయిలైతే సరిచేసి మళ్లీ టెస్ట్ చేయించుకోవాల్సిందే. ముందే పరీక్షించి ఒప్పుకున్న డిజైన్ల ప్రకారం కడితే టెస్ట్ లేకుండా ఇంకో దారి కూడా ఉంది, కానీ ఏదో ఒకటి చూపించాలి.

మన దగ్గర? నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో ఎనిమిదో భాగంలో శబ్దం మీద ఒక సెక్షన్ మొత్తం ఉంది. దానికంటే ముందు 1962లోనే ఐఎస్ 1950 అని ఒక స్టాండర్డ్ వచ్చింది. అంటే మన ఇంజినీర్లకి తెలియక కాదు. కానీ బిల్డింగ్ కోడ్ ప్రధానంగా సిఫార్సు మాత్రమే. రాష్ట్రం తన రూల్స్‌లో పెట్టుకుంటేనే అది బలంగా పనిచేస్తుంది. మన బిల్డింగ్ రూల్స్, అదే 2012 నాటి జీవో 168, దాంట్లో సెట్‌బ్యాక్ ఎంత వదలాలి, రోడ్డు ఎంత వెడల్పుండాలి, పార్కింగ్ ఎంత, ఇవన్నీ చూస్తారు. పక్కింటి టీవీ గురించి ఎవరూ అడగరు.

సరే, టెస్ట్ ఎలా చేస్తారో చెప్తా, ఇది ఇంట్రెస్టింగ్‌గా ఉంటుంది. ఒక గదిలో పెద్ద స్పీకర్ పెట్టి "హుష్ష్‌ష్" అని జలపాతం లాంటి శబ్దం వదుల్తారు. ఆ గదిలో ఎంత ఉంది, గోడకి అవతలి గదిలో ఎంత ఉంది, రెండూ కొలుస్తారు. ఖాళీ గది ఎక్కువ మోగుతుంది, సామానున్న గది తక్కువ మోగుతుంది కాబట్టి ఆ తేడా సరిచేస్తారు. ఇది గాలిలో వచ్చే శబ్దానికి: మాటలు, టీవీ, కుక్కర్ విజిల్.

రెండోది దెబ్బ శబ్దం. పై ఫ్లోర్‌లో కుర్చీ ఈడ్చడం, పిల్లలు హాల్లో క్రికెట్ ఆడటం, పొద్దున్నే ఎవరో గచ్చు మీద కొబ్బరికాయ కొట్టడం. దీనికి ఒక చిన్న మెషీన్ ఉంటుంది, అర కిలో సుత్తులు ఐదు. సెకనుకి పది దెబ్బల చొప్పున పై అంతస్తు నేలని కొడుతూ ఉంటుంది. కింద గదిలో ఎంత వినిపిస్తుందో కొలుస్తారు. ఇక్కడ నంబర్ తక్కువ ఉంటే మంచిది. ఇంగ్లండ్‌లో కొత్త ఇంటికి 62 దాటకూడదు.

ఇప్పుడు మన గోడల దగ్గరకి వద్దాం. అసలు కథ ఇక్కడే ఉంది.

శబ్దాన్ని ఆపేది బరువు. అంతే. గోడ బరువు రెట్టింపైతే సుమారు 5, 6 డెసిబెల్స్ ఎక్కువ ఆగుతుంది. పాత అమీర్‌పేట ఇళ్లలో తొమ్మిది అంగుళాల ఎర్ర ఇటుక గోడ ఉండేది, పక్కింట్లో ఏం జరిగినా గేటు దగ్గరికొచ్చి చెప్తేనే తెలిసేది. ఇప్పుడు ఎక్కువగా వాడేది ఏఏసీ బ్లాక్, అదే తెల్లగా, తేలిగ్గా ఉండే బ్లాక్. ఎండని ఆపడంలో బాగుంటుంది, బిల్డింగ్ మీద బరువు తగ్గిస్తుంది, పని త్వరగా అవుతుంది. కానీ లెక్క చూడండి. నాలుగంగుళాల ఏఏసీ గోడ ప్లాస్టరింగ్ కాకుండా చదరపు మీటరుకి సుమారు 60 కిలోలు. అంతే మందం ఇటుక గోడ దాదాపు 200 కిలోలు. ఆరంగుళాల కాంక్రీట్ గోడ 350 కిలోల పైనే. తేలిక అన్నది బిల్డర్‌కి ప్లస్, చెవికి మైనస్.

పక్కింట్లో టీవీ 75 డెసిబెల్స్‌లో మోగుతోంది అనుకుందాం. గోడ 40 ఆపితే మీకు 35 వస్తుంది. రాత్రి ప్రశాంతంగా ఉన్న బెడ్‌రూమ్‌లో 35 అంటే డైలాగులు అర్థమవుతాయి, హీరో ఎవరో చెప్పేయొచ్చు. అదే గోడ 50 ఆపితే మీకు వచ్చేది 25. ఫ్యాన్ చప్పుడులో కలిసిపోతుంది. పది డెసిబెల్స్ చిన్న నంబర్‌లా కనిపిస్తుంది కానీ, శక్తి లెక్కలో అది పది రెట్లు.

"మాది మైవాన్ బిల్డింగ్ అన్నా, ఫుల్ కాంక్రీట్" అంటారు కొందరు. మంచిదే, మాటలకీ టీవీకీ కాంక్రీట్ గోడ బాగా పనిచేస్తుంది. కానీ దెబ్బ శబ్దానికి అదే కాంక్రీట్ హైవే. ఐదో ఫ్లోర్‌లో ఎవరో ఇంటీరియర్స్‌కి డ్రిల్ పెడితే తొమ్మిదో ఫ్లోర్‌లో మీ తలగడ దగ్గర వినిపిస్తుంది. ఎందుకంటే గోడ, స్లాబ్ అన్నీ ఒకే ముద్ద. శ్లాబ్ మీద నేరుగా విట్రిఫైడ్ టైల్ అతికించేస్తే దెబ్బని మింగేది ఏదీ ఉండదు. టైల్ కింద ఒక మెత్తటి పొర, రబ్బర్ లాంటిది, వేస్తే చాలా తగ్గుతుంది. అది టైల్స్ వేసేముందు చేయాల్సిన పని. వేసేశాక పైవాళ్లని కార్పెట్ పరచమని అడగడం ఒక్కటే మిగుల్తుంది. అడిగి చూడండి, ఏమంటారో.

బ్రోచర్లలో ఇంకో మాట ఉంటుంది, "నో కామన్ వాల్స్". ఇది మన హైదరాబాద్‌లో బాగా ఫేమస్. నిజంగానే పక్కింటి గోడ మన గోడ కాకపోతే సగం గొడవ తప్పుతుంది. పైనున్న స్లాబ్ మాత్రం ఎప్పుడూ కామనే. అది బ్రోచర్‌లో రాయరు.

తర్వాత, తలుపు. ఏడడుగుల తలుపు కింద అరంగుళం సందు ఉందనుకోండి. తలుపు మొత్తంలో అది ఒక శాతం కూడా కాదు. కానీ ఆ సందు వల్ల, మీరు ఎంత ఖరీదైన టేకు తలుపు పెట్టినా, మొత్తం మీద ఆగేది 22 డెసిబెల్స్ దాటదు. శబ్దం నీళ్లలాంటిది, చిన్న కన్నం చాలు. లిఫ్ట్ దగ్గర ఎవరు ఏం మాట్లాడుకుంటున్నారో హాల్లో కూర్చుని వింటున్నారంటే ఈ సందే కారణం. తలుపు కింద రబ్బర్ సీల్, చుట్టూ ఫ్రేమ్‌కి గాస్కెట్ వేయించండి. ఈ ఎపిసోడ్‌లో అన్నిటికంటే చవకైన పని ఇదే. రెండు ఫ్లాట్ల స్విచ్‌బోర్డులు గోడకి అటూ ఇటూ ఒకేచోట ఉన్నా అక్కడ గోడ పల్చనైపోతుంది. ఆ బాక్సుల వెనక సందులు పూడ్పించండి.

ఆన్‌లైన్‌లో దొరికే నల్ల ఫోమ్, గుడ్ల ట్రే డిజైన్‌లో ఉండేది, అది కొని గోడకి అతికించకండి ప్లీజ్. అది మీ గదిలో మోత తగ్గిస్తుంది, పాడ్‌కాస్ట్ రికార్డింగ్‌కి బాగుంటుంది. పక్కింటి శబ్దాన్ని ఆపదు. దానికి బరువు లేదు కదా.

ఇప్పుడు ఈ ఏరియాకే ప్రత్యేకమైన విషయం. 2000 సంవత్సరం నాయిస్ రూల్స్ ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 పరిమితి. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు. 2010లో చేసిన సవరణ ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రిపూట చప్పుడు చేసే కన్‌స్ట్రక్షన్ మెషీన్లు నడపకూడదు. పబ్బుల గొడవ అయితే కోర్టు దాకా వెళ్లింది. 2022 సెప్టెంబర్‌లో తెలంగాణ హైకోర్టు రాత్రి పది తర్వాత పబ్బుల్లో మ్యూజిక్ వద్దంది, తర్వాత ఆ ఆదేశం పరిధి తగ్గింది. సో, రాత్రి నిద్రకి చట్టం కొంత కాపలా ఉంది. రాత్రి పన్నెండుకి బ్రేకర్ మోగుతుంటే డయల్ 100కి ఫోన్ చేసే హక్కు మీకుంది, వాడండి.

కానీ మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడలో ఎంతమందికి రాత్రి అంటే రాత్రి? అమెరికా షిఫ్ట్ అయిపోయి తెల్లారి ఐదుకి క్యాబ్ దిగి, ఏడింటికి పడుకునేవాళ్లకి చట్టం ప్రకారం అప్పటికే పగలు. అప్పుడే పక్క ప్లాట్‌లో సెల్లార్ కోసం బండ కొట్టడం మొదలవుతుంది. మనది గ్రానైట్ నేల, కంపనం కిటికీలోంచే కాదు, పునాదిలోంచి కూడా వస్తుంది. దాని మీద కంప్లైంట్ ఇవ్వాలన్నా, పని టైమ్‌లోనే చేస్తున్నాం అంటారు. వీళ్లకి చట్టం ఇచ్చే రక్షణ దాదాపు లేదు. గోడ, కిటికీ ఇవ్వాల్సిందే. అందుకే నా ఉద్దేశంలో ఈ టెస్ట్ దేశంలో ఎక్కడైనా ముందు రావాలంటే ఇక్కడే రావాలి.

ఇక పీజీ హాస్టళ్లు. మూడు బెడ్‌రూముల ఇల్లు కాస్తా ప్లైవుడ్ పార్టిషన్లు కొట్టి ఏడు గదులవుతుంది. ఇంగ్లండ్‌లో అయితే ఇల్లు మార్చినా టెస్ట్ ఉంది. ఇక్కడ పక్కవాడి ఫోన్ వైబ్రేషన్‌కి మీరు లేస్తారు. దిగేముందు ఒక పని చేయండి: పార్టిషన్ పైన సీలింగ్ దాకా వెళ్లిందా, ఫాల్స్ సీలింగ్ దగ్గరే ఆగిపోయిందా చూడండి. అక్కడే ఆగితే మీ ఇద్దరిదీ ఒకే గది, మధ్యలో బోర్డు అంతే.

కొనేవాళ్లు, లేదా రెంట్‌కి వెళ్లేవాళ్లు, ఇద్దరు వెళ్లండి. ఒకరు పక్క గదిలోనో పక్క ఫ్లాట్‌లోనో ఫోన్‌కి బ్లూటూత్ స్పీకర్ కలిపి ఫుల్ వాల్యూమ్‌లో పాట పెట్టాలి. తలుపులన్నీ మూసి ఇటు ఒకసారి, అటు ఒకసారి ఫోన్‌లో కొలవండి. ఐఫోన్ అయితే నియోష్ సౌండ్ లెవెల్ మీటర్ అని ఫ్రీ యాప్ ఉంది, బాగుంటుంది. ఆండ్రాయిడ్‌లో మైక్ ఒక్కో ఫోన్‌కి ఒక్కోలా ఉంటుంది కాబట్టి అసలు నంబర్‌ని నమ్మకండి, ఒకే ఫోన్‌తో కొలిచిన రెండు నంబర్ల తేడా చూడండి. ఇది కోర్టులో చెల్లదు. కానీ తేడా 30 దగ్గరే ఆగిపోతే ఆ ఫ్లాట్ గురించి మీకు తెలియాల్సింది తెలిసినట్టే. ఇంకా, మీ బెడ్‌రూమ్ గోడ లిఫ్ట్ షాఫ్ట్‌ని ఆనుకుని ఉందా, కింద పంప్ రూమో ఎస్టీపీ బ్లోయరో ఉందా, జనరేటర్ ఎటు వైపు ఉంది, ఇవి అడగండి.

చివరిగా రెరా. 2016 చట్టం సెక్షన్ 14 ప్రకారం, పొజెషన్ ఇచ్చిన ఐదేళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో, నాణ్యతలో లోపం కనిపిస్తే మీరు చెప్పిన 30 రోజుల్లో బిల్డర్ సొంత ఖర్చుతో బాగు చేయాలి. మరి శబ్దం లోపమేనా? వాదించొచ్చు. చిక్కేంటంటే, అగ్రిమెంట్‌లో నంబర్ లేకపోతే దేనితో పోల్చి లోపం అంటారు? కాబట్టి సంతకానికి ముందే స్పెసిఫికేషన్స్ పేజీ తియ్యండి. "బయటి గోడలు 8 అంగుళాలు, లోపలి గోడలు 4 అంగుళాలు" అని ఉంటుంది. రెండు ఫ్లాట్ల మధ్య గోడ బయటిదా లోపలిదా అని అడిగి, జవాబుని అందులో రాయించండి. మందం, మెటీరియల్ రెండూ. బల్క్‌గా పది ఇరవై మంది ఒకేసారి బుక్ చేస్తుంటే, ఒక ఫ్లాట్‌లో టెస్ట్ చేసి రిపోర్ట్ ఇవ్వాలి అని కూడా అడగొచ్చు. అకూస్టిక్ కన్సల్టెంట్లు హైదరాబాద్‌లోనే ఉన్నారు, థియేటర్లకీ స్టూడియోలకీ వాళ్లు రోజూ చేసే పనే ఇది.

మీ ఫ్లాట్‌లో కొలిస్తే తేడా ఎంత వచ్చింది, గోడ దేనితో కట్టారు, కామెంట్‌లో పెట్టండి. బిల్డర్ పేరు వద్దు, గోడ పేరు చాలు. ఉంటానండీ.