పెరటి నేలలోని వానపాము



వాన కురిసిన మరునాటి యుదయమున పెరటిలోనికి పోయి చూడుడు. నేలపై చిన్న చిన్న మట్టి యుండల కుప్పలు కానవచ్చును. అవి వానపాములు విడిచిన మట్టి. దీనినే ఎఱ్ఱ యనియు నందురు. గాలమునకు గ్రుచ్చుటకు తప్ప దీనివలన ప్రయోజనము లేదని తలంచువారు కలరు. అది పొరపాటు.

వానపాము రాలిన ఆకును, క్రుళ్లిన గడ్డిని మట్టితో గూడ మ్రింగి, మెత్తని ఎరువుగా మార్చి విడుచును. అది చేసిన బొరియలగుండ నీరును గాలియు వేళ్లకు దిగును. ఆంగ్లదేశపు శాస్త్రజ్ఞుడు చార్లెస్ డార్విన్ 1881లో వానపాములపై నొక గ్రంథమునే ప్రకటించెను. ఆ దేశమున పలుచోట్ల ఇవి ఎకరమునకు ఏటేట పది టన్నులకు పైగా మట్టిని పైకి తెచ్చుచున్నవని ఆయన లెక్కగట్టెను. కూలి యడుగని జీతగాడన్న నిదియే.

దీనికి ఊపిరితిత్తులు లేవు. తడి చర్మముతోనే శ్వాసించును. కావుననే నేలలో వేసిన విషము దీనికి త్వరగా సోకును. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీరు విడిచిన పిమ్మట మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట ప్రాంతములందు వరి విస్తరించినది. వరితోబాటు గుళికల మందును ఇంటికి వచ్చినది. కార్బోఫ్యూరాన్ గుళికలు పురుగును చంపునట్లే వానపామును గూడ చంపును. మడిలో చల్లగా మిగిలినవని వానిని వంగ, మిరప పాదులలో వేయరాదు. ఆ కాయలను తినునది మన బిడ్డలే గదా! వానపాములకు మిక్కిలి విషమైన బెనోమిల్, కార్బరిల్ మందులను మన ప్రభుత్వము 2018లో నిషేధించినది. పాత డబ్బా ఇంటి మూల నున్నను వాడకుడు.

ఆకుచెత్తకు నిప్పు పెట్టినచో వాని ఆహారము బూడిద యగును. నేలను ఎండకు బట్టబయలు చేసినచో తడి యారి చచ్చును. పార దెబ్బకు తెగినది రెండు పాములగునని కొందరి నమ్మకము. అది నిజము కాదు. తలవైపు తునక ఒక్కొక్కప్పుడు బ్రతుకును, తోక తునక నశించును.

ఈ వానకాలమున మూరెడు చదరము, జానెడు లోతు గొయ్యి త్రవ్వి, ఆ మట్టిని గోనెపై పోసి వెదకుడు. వానపాము ఒక్కటియు కానరానిచో నేల జబ్బుపడినదేమోయని యోచింపుడు. మాగిన పశువుల ఎరువు వేసి, ఎండుటాకు కప్పి, మందులు మాని ఓపిక పట్టుడు. తాతలు మనకు ప్రాణమున్న నేల నప్పగించిరి. మనుమలకును మన మట్టి నేలనే అప్పగింతుము గాక!