వైద్యపు ఖర్చు, శాసనకర్తల నడత



నెలజీతముపై సంసారము నడుపు వారికి బియ్యము, ఇంటి అద్దె, పిల్లల చదువు ముందుగానే లెక్కకు వచ్చును. జబ్బు మాత్రము ఏ లెక్కకును లొంగదు. ఒక్కని నెత్తిన పడవలసిన ఆ భారమును పదిమంది పంచుకొనుటయే ఆరోగ్యబీమా. కేంద్రోద్యోగులకు 1954లో ఢిల్లీలో ఆరంభమైన ఆరోగ్యపథకమును, తెలుగునాట 2007లో వెలసిన ఆరోగ్యశ్రీయును ఈ భావము నుండి పుట్టినవే. అయితే పంచుకొనుటకు పదిమంది ఒప్పుకొనవలెనన్నచో, పంపకము చేయువాని చేతిపై నమ్మకముండవలెను. ఖర్చు, నడత అను నీ రెండు ప్రశ్నలును ఎంత దగ్గరివో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రపు అనుభవము చూపుచున్నది.

అచట 2006 ఏప్రిల్ 12న గవర్నరు మిట్ రామ్నీ ఒక వైద్యబీమా చట్టముపై సంతకము చేసిరి. ఆయన రిపబ్లికన్ పక్షమువారు. ఉభయసభలలోను డెమొక్రాట్లదే ఆధిక్యము. స్తోమత గల ప్రతి వయోజనుడును బీమా తీసికొని తీరవలెను. తక్కువ ఆదాయము గలవారికి ప్రభుత్వము తోడ్పడును. ఇది చట్టపు సారాంశము. వివాదమంతయు యజమానుల వాటాపై రేగెను. బీమా నీయని యజమానులపై జీతముల మొత్తమును బట్టి పన్ను వేయవలెనని ప్రతినిధిసభ కోరెను. సెనేటు అందుకు సమ్మతింపలేదు. తుదకు పదకొండుగురు లేక అంతకు మించిన పనివారు గల యజమాని, వారి బీమాకు తగిన చందా కట్టనిచో, తల యొక్కింటికి ఏడాదికి 295 డాలర్ల వరకు చెల్లించునట్లు రాజీ కుదిరెను. గవర్నరు ఆ నిబంధనను త్రోసిపుచ్చగా, శాసనసభ మరల వోటు చేసి దానిని నిలిపెను. ఈ రాజీ కుదుర్చుటలో ప్రతినిధిసభ సభాపతి సాల్వటోర్ డిమాసి కృషి కొద్దిది కాదు.

బీమా లేనివారి సంఖ్య బాగుగా తగ్గెను. కాని ఖర్చు తగ్గలేదు. అందరికిని గొడుగు పట్టుట మొదటి పని, గొడుగు ధర తరువాత చూతము అన్నట్లు శాసనకర్తలు ఆ ప్రశ్నను వాయిదా వేసిరి. 2010లో రాష్ట్ర అటార్నీ జనరలు మార్తా కోక్లీ వెలువరించిన నివేదిక ఒక సత్యమును బయటపెట్టెను. ఒకే చికిత్సకు ఆసుపత్రులు వేర్వేరు ధరలు పొందుచున్నవి. ఆ తేడాకు వైద్యపు నాణ్యత కారణము కాదు, బేరములో ఆసుపత్రికి గల బలమే కారణము.

ఇంతలో మరియొక సంగతి జరిగెను. రాష్ట్రప్రభుత్వపు సాఫ్ట్‌వేర్ కంట్రాక్టులు ఒక కంపెనీకి దక్కునట్లు చేసి 65 వేల డాలర్లు పుచ్చుకొన్నారను ఆరోపణ డిమాసిపై వచ్చెను. 2009 జనవరిలో ఆయన పదవి వదలిరి. 2011లో న్యాయస్థానము దోషిగా నిర్ణయించి ఎనిమిదేండ్ల శిక్ష విధించెను. ఆ సభకు వరుసగా మూడవ సభాపతి నేరస్థుడుగా తేలుట అది. వైద్యచట్టమునకును ఈ నేరమునకును సంబంధము లేదు. అయినను, అందరును తమ వంతు చెల్లింపుడని చెప్పిన నోరును, చాటున సొమ్ము పుచ్చుకొన్న చేయియు ఒక్కనివే యని జనులు చూచిరి.

2009 జూలై 1న గవర్నరు డెవాల్ పాట్రిక్ నైతికసంస్కరణ చట్టముపై సంతకము చేసిరి. లంచమునకు గరిష్ఠశిక్ష మూడేండ్ల నుండి పదేండ్లకు పెరిగెను. కంపెనీల పక్షమున శాసనకర్తలతో మాట్లాడు లాబీయిస్టులపై నియమములు బిగిసెను. ప్రభుత్వోద్యోగు లందరును రెండేండ్ల కొకసారి ఈ నియమములలో శిక్షణ పొందవలసి వచ్చెను. నిజాయితీపరునికి ఇది యవమానము కాదా యని అడుగవచ్చును. కాదు. 1964 నాటి ప్రవర్తనా నియమావళి క్రింద కానుకల లెక్క చెప్పు మన యుద్యోగులకు దీని ప్రయోజనము తెలియును. కాదనుటకు జంకు మెతకమనిషికి నియమమే అండ.

ఆ తరువాతనే ఖర్చును గూర్చిన చట్టము వచ్చెను. 2012 ఆగస్టులో ఆమోదమైన ఆ చట్టము వైద్యవ్యయము ఏటేట ఎంత పెరుగవచ్చునో ఒక హద్దు గీసెను. 2013 నుండి 2017 వరకు ఆ హద్దు నూటికి 3.6. కనిపెట్టుటకు ఒక కమిషను ఏర్పడెను. ఆసుపత్రుల, బీమా కంపెనీల పెద్దలు ఏటేట బహిరంగ విచారణలో ప్రమాణము చేసి జవాబు చెప్పవలెను. హద్దు మీరిన సంస్థను సంస్కరణప్రణాళిక అడుగవచ్చును. వినని సంస్థకు ఐదు లక్షల డాలర్ల వరకు జరిమానా. పెద్ద ఆసుపత్రులకు ఆ జరిమానా లెక్కలోనిది కాదు. కమిషను అట్టి ప్రణాళికను తొలిసారి యడిగినది 2022లో మాత్రమే. కావున ఇది పూర్ణవిజయమనుట తగదు. కాని రహస్యపు బేరము బహిరంగసభకు వచ్చుట చిన్న లాభము కాదు.

మంచి చట్టమును చేసినవా డెల్ల మంచివాడై యుండనక్కరలేదు. కాని ఆ చట్టము నిలువవలెనన్నచో, దానిని నడుపువారు లెక్క చూపవలెను. మన బల్లలపైకిని ఆసుపత్రుల ధరల పట్టికలు, మందుల బిల్లులు వచ్చుచుండును. అందలి ప్రతి యంకె వెనుకను మంచమున బడిన మనిషి యొకడు, చందా కట్టిన వారు పదిమంది యుందురు. వారందరును ఎదుట కూర్చుండి చూచుచున్నారని తలచి సంతకము చేయుటయే మన వంతు సంస్కరణ.