మళ్ళీ నడక నేర్చుకున్నాను

(మన సంఘం ఉగాది సభలో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ప్రతి ఉగాదికీ నాకు అప్పగించే పని వేపపువ్వు పచ్చడి కలపడం. మైకు ముందు నిలబడడం ఇదే మొదలు. కార్యవర్గంవారు నన్ను మాట్లాడమన్నప్పుడు, తుంటి ఎముక విరగడం పండుగనాడు చెప్పుకోదగిన ముచ్చటేనా అని వెనకాడాను. కాని మనలో అరవై దాటినవారు ఎందరో ఉన్నారు. అంతకంటె ఎక్కువమంది వారిని ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్నారు. అందుచేత చెప్పడమే మంచిదనుకున్నాను.

కిందటి ఆషాఢంలో ఒక రాత్రి రెండుగంటలవేళ, దీపం వేస్తే మావారికి నిద్రాభంగమౌతుందని చీకట్లోనే స్నానాలగదికి వెళ్ళాను. గుమ్మం దగ్గర తడి ఉంది. ఒక్క అడుగు జారింది, అంతే. లేవబోతే కుడికాలు నా మాట వినలేదు. చూస్తే ఎడమకాలికంటె కురచగా, పాదం బయటికి తిరిగి ఉంది. "పొద్దున చూద్దాంలే, పసరుకట్టు వేయిస్తే సరిపోతుంది" అన్నాను. మా కోడలు మాత్రం "కాదత్తయ్యా, ఇప్పుడే వెళ్ళాలి" అని నన్ను కదిలించకుండా ఆంబులెన్సును పిలిపించింది. ఆ అమ్మాయి నాకు చేసిన మొదటి మేలు అది. తుంటి విరిగిన పెద్దవారిని మంచాన పడుకోబెట్టి ఊరుకుంటే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, కాలి సిరల్లో రక్తం గడ్డకడుతుంది, వీపున పుండ్లు పడతాయి. అందుకే శరీరం తట్టుకోగలిగితే ఒకటి రెండు రోజుల్లోనే శస్త్రచికిత్స చేయాలంటారు వైద్యులు.

నా తొడ ఎముక పైకొనను ఉండే బంతి, దాని మెడ దగ్గర విరిగింది. ఆ బంతిని తీసి లోహపు బంతిని అమర్చారు. మనిషి కీలు చోట లోహం పెట్టడమేమిటని నాకు భయం వేసింది. తరువాత మా అబ్బాయి దాని చరిత్ర చదివి వినిపించాడు. కీలును పూర్తిగా మార్చే విధానాన్ని నిలకడైన దారిలో పెట్టినవారు ఇంగ్లండులో రైటింగ్టన్ ఆస్పత్రి వైద్యుడు జాన్ చార్న్లీ. ఆయన మొదట టెఫ్లాను గిన్నెలు వాడితే అవి కొద్ది సంవత్సరాలకే అరిగిపోయాయి. తన చేతిమీదుగా ఆపరేషను చేసినవారికే మళ్ళీ ఆపరేషన్లు చేయవలసి వచ్చింది. అయినా ఆయన ఆ పని వదిలిపెట్టలేదు. కొత్త పదార్థాన్ని శరీరం ఓర్చుకుంటుందో లేదో చూడడానికి దాని ముక్కలను తన తొడలోనే పెట్టుకుని పరీక్షించుకున్నాడు. 1962లో పాలిథిలీను గిన్నెతో ఆ పని సాధించాడు. అది విన్నాక, నా తుంటిలో ఉన్నది వట్టి లోహం కాదు, ఎవరో పడి లేచిన పట్టుదల అనిపించింది.

ఆపరేషను అయిన రెండవ రాత్రి నాకు మతి తప్పింది. దాచవలసిన సంగతి కాదు గనుక చెబుతున్నాను. నేను చిన్ననాటి మా ఊళ్ళో ఉన్నాననుకుని అమ్మను పిలిచానట. సెలైను గొట్టం లాగబోయానట. ఈ బెంగుళూరులో ఏభై యేళ్ళు కన్నడంలో బేరమాడి, కన్నడంలో పోట్లాడి బ్రతికినదాన్ని, ఆ రాత్రి ఒక్క కన్నడపు మాట నోట రాలేదు. నర్సులు ఏమడిగినా తెలుగులోనే జవాబు. అది వారికి అర్థం కాలేదు. చివరికి చింతామణి వైపునుంచి వచ్చిన ఆయా ఒకామె నా చెయ్యి పట్టుకుని "ఏం కావాలమ్మా, నేనున్నా కదా" అన్నదట. ఆ మాటతో నేను నెమ్మదించానట. పెద్దవయస్సులో ఆపరేషను తరువాత ఇట్లా కావడం తరచుగా ఉన్నదేననీ, చాలామందికి కొద్ది రోజుల్లో సర్దుకుంటుందనీ డాక్టరుగారు మావాళ్ళకు చెప్పారు. కళ్ళజోడు, వినికిడి యంత్రం దగ్గర ఉంచాలి. కనబడేచోట గడియారం ఉండాలి. పగటి వెలుతురు తగలాలి. ఎరిగిన మనిషి ఎరిగిన భాషలో మాట్లాడుతూ ఉండాలి. ఇది మనబోటి పొరుగురాష్ట్రపు తెలుగువారు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన సంగతి.

ఆపరేషను మరునాటినుంచే నిలబెట్టడం మొదలుపెట్టారు. నడక నేర్పడానికి వచ్చిన అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. "హెదరబేడి అజ్జీ, నాను ఇద్దీని" అనేది. భయపడవద్దు, నేనున్నాను అని. ఆమె "ఒందు, ఎరడు, మూరు" అని లెక్కపెడుతుంటే వాకరు పట్టుకుని మూడడుగులు వేసి ఏడ్చాను. నొప్పికి కాదు. మా మనుమడు మొదటి అడుగు వేసినప్పుడు చప్పట్లు కొట్టినదాన్ని, వాడిలాగే నిలబడ్డాననే సిగ్గుకు.

ఇంటికి వచ్చాక డాక్టరుగారు మూడు నెలలు పాటించమని నియమాలు రాసిచ్చారు. తుంటిని 90 డిగ్రీలకు మించి వంచకూడదు. కాలుమీద కాలు వేయకూడదు. ఆపరేషనైన కాలిని లోపలికి తిప్పకూడదు. పడుకున్నప్పుడు కాళ్ళమధ్య దిండు ఉండాలి. చేతులున్న ఎత్తైన కుర్చీలోనే కూర్చోవాలి. మరుగుదొడ్డిమీద ఎత్తు పీట వేయాలి. మెట్లెక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషనైన కాలు ముందు. చేతికర్ర మంచికాలి వైపు చేతిలో ఉండాలి. ఆపరేషను చేసిన తీరునుబట్టి ఈ నియమాలు మారవచ్చు గనుక ఎవరి వైద్యుడు చెప్పినది వారు వినాలి. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఊపిరి ఆడకపోయినా, గాయం కారినా, జ్వరం వచ్చినా, కాలు ఉన్నట్టుండి కురచైనా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

వినడానికి ఇవి చిన్న నియమాలే. కాని నేలమీద పీట వేసుకుని భోంచేసే ఇంట్లో, కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరిగే చేతికి, దేవుని గూటిముందు బాసింపట్టు వేసుకునే అలవాటుకు అవి చిన్నవి కావు. వరలక్ష్మీ వ్రతంనాడు నేను కుర్చీలో కూర్చుంటే దేవి నాకంటె కింద ఉన్నదని ఏడ్చాను. మా కోడలు ఏమీ అనకుండా కలశాన్ని తెచ్చి ఎత్తుబల్లమీద పెట్టింది.

ఆరు వారాలకు ఎక్సురే చూసి "అంతా బాగుంది, ఇంట్లో ధారాళంగా నడవండి" అన్నారు. ఎముక బాగుపడింది. నేను బాగుపడలేదు. మంచం దిగాలంటే ఆ తడి గుమ్మమే కళ్ళముందు కనబడేది. కాలు నొప్పిగా ఉందనే సాకు పెట్టేదాన్ని. మావారు కాఫీ మంచం దగ్గరికే తెచ్చేవారు. కోడలు కంచం తెచ్చేది. మనుమడు మంచినీళ్ళు తెచ్చేవాడు. అందరూ ప్రేమతోనే చేశారు. కాని కదలని కాలు కండ కోల్పోతుంది. కండ తగ్గితే తూలు వస్తుంది. తూలితే భయం పెరుగుతుంది. భయం మళ్ళీ మంచానికే కట్టేస్తుంది. సేవ పేరిట ఆ కట్టు ఇంకా బిగుస్తున్నదని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. ఆకలి పోయింది, నిద్ర పోయింది, ఫోను మోగితే విసుగు. మీలో చూడవచ్చినవారిని "నిద్రపోతున్నానని చెప్పండి" అని పంపించివేసిన రోజులున్నాయి. వారిని ఈ వేదికమీదినుంచి క్షమాపణ అడుగుతున్నాను.

ఒక ఉదయం కాఫీ రాలేదు. వాసన మాత్రం వస్తున్నది. పిలిస్తే మావారు వంటింట్లోనుంచి "ఇక్కడ పెట్టాను, వచ్చి తాగు" అన్నారు. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆయనమీద అంత కోపం నాకెన్నడూ రాలేదు. పదినిమిషాలు పంతం పట్టి కూర్చున్నాను. తరువాత వాకరు పట్టుకుని లేచాను. మంచంనుంచి వంటింటికి 14 అడుగులు. ఆ అమ్మాయి చెప్పినట్టు "ఒందు, ఎరడు" అని మొదలుపెట్టి, ఎప్పుడు మారిందో గాని, "పన్నెండు, పదమూడు, పద్నాలుగు" అని తెలుగులో ముగించాను. ఆయన గుమ్మం పక్కనే చేతులు చాచి నిలబడి ఉన్నారు. అంటే నన్ను వదిలిపెట్టలేదు, మోయడం మానుకున్నారు. కాఫీ చల్లారిపోయింది. ఇద్దరం అదే తాగాము.

మరుసటివారం ఆయనే నడక నేర్పే అమ్మాయిని అడిగి తెలుసుకున్నారన్న సంగతి బయటపడింది. "అన్నీ మీరే అందిస్తే ఆమె ఎప్పటికి నడుస్తుంది?" అన్నదట ఆమె. అప్పటినుంచి రోజుకు కొన్ని అడుగులు పెంచాము. వీధి చివరి గుడికి వెళ్ళిన రోజున వాకరు వదిలి కర్ర పట్టాను.

కాబట్టి ఇంట్లోవారికి నా మనవి ఇది. పెద్దవారికి మొదట అన్నీ చేయండి, తరువాత ఒక్కొక్కటే చేయడం మానండి. పక్కన మాత్రం ఉండండి. రెండువారాలు దాటినా దిగులు తగ్గకపోతే మొండితనమని కసరక, వైద్యునికి చెప్పండి. కాస్త పడితేనే ఎముక విరిగిందంటే ఎముకలు గుల్లబారి ఉండవచ్చు. దానికి పరీక్ష, మందులు ఉన్నాయి. కళ్ళు చూపించండి. రాత్రి దీపం ఉంచండి, స్నానాలగదిలో పట్టుకునే కడ్డీ వేయించండి. పాలు, పప్పు, రాగిసంకటి మానకుండా పెట్టండి.

సంఘానికి రెండు మనవులు. ఆస్పత్రిలో ఉన్న మన పెద్దలదగ్గరికి వెళ్ళి ఒక గంట తెలుగులో మాట్లాడిరాగలవారి పేర్లు ఒక పుస్తకంలో రాసిపెట్టండి. మొదటి పేరు నాది. రెండవది: వాకరు, ఎత్తు పీట వంటివి మూడు నెలలు వాడి అటకమీద పారేస్తున్నాము. అవి సంఘంలో ఉంటే అవసరమైనవారు తీసుకుపోతారు. నా వాకరు ఈ ఉదయమే తెచ్చి ఆఫీసుగదిలో పెట్టాను.

పచ్చడి ఈసారి కూడా నేనే కలిపాను. కాకపోతే ఎత్తుబల్ల ముందు నిలబడి కలిపాను. చేదు కొంచెం ఎక్కువైందని మావారు అంటున్నారు. తిని చెప్పండి.