డిగ్రీ నడుమ ఆపవద్దు



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే వాళ్ళం. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మేము తరచు వినే మాట ఒకటుంది: "సార్, డిగ్రీలో రెండు పేపర్లే మిగిలినయి." అంతలోనే పిల్లవాడు దుకాణంలో కూర్చుంటాడు, ఆడపిల్లకు పెళ్ళి కుదురుతుంది.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ బోధనతోనే మొదలైంది. 1948 తరువాత అక్కడ ఇంగ్లీషు వచ్చింది. ఉర్దూ బడి నుంచి కాలేజీకి పోయిన పిల్లలకు భాష మారడమే మొదటి అడ్డంకి అయింది. అయితే దారులు మళ్ళీ తెరుచుకున్నాయి. హైదరాబాదులో 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయం, 1998లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చినయి. పని చేసుకుంటూ కూడా దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేయవచ్చు.

ఉపాధ్యాయులు కాదలచినవారు ముందే లెక్క తెలుసుకోవాలె. బి.ఇడి.కి డిగ్రీ పాసైతే చాలదు, మామూలుగా 50 శాతం మార్కులు కావాలె. రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంది. తరువాత రెండేళ్ళ శిక్షణ, టెట్, ఆపైన డి.ఎస్.సి. టెట్‌లో 150 మార్కులకు జనరల్ వారికి 90, బి.సి.లకు 75 రావాలె. డిగ్రీ ఆగితే ఇవన్నీ ఆగినట్టే.

మా తరం రిటైరైతే ఈ బళ్ళల్లో ఎవరు చెప్తారు? ఉర్దూలో లెక్కలు, సైన్సు చెప్పేవారు మన ఇళ్ళ నుంచే రావాలె. అందుకే మిగిలిన పేపర్లకు ఈ ఏడే ఫీజు కట్టించండి. సంబంధం మాట్లాడేటప్పుడు, అమ్మాయి చదువు పూర్తి చేయిస్తామన్న మాట కూడా తీసుకోండి.