సైగ కూడా భాషే
(నల్లగొండలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన హక్కుల సభలలో స్కాలర్‌షిప్పులు, రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు, ఉర్దూ మాధ్యమం తరచుగా చర్చకు వస్తాయి. రావలసినవే. కాని ఏ సభలోనూ ప్రస్తావనకు రాని పిల్లలు కొందరు మన ఇండ్లలోనే ఉన్నారు. వారు పుట్టుకతో బధిరులు. వారి తరఫున నాలుగు మాటలు మనవి చేయుటకు ఈనాడు మీ ముందు నిలిచినాము.

దేవరకొండ వైపు, నాగర్‌కర్నూలు వైపు బస్తీలలో తిరిగినప్పుడు అట్టి పిల్లలను మేము చూచినాము. అకీకా నాడు పెట్టిన చక్కని పేరు మరుగున పడి, 'గూంగా' అన్న పిలుపు ఒక్కటే మిగిలి ఉంటుంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడి పుస్తకంలో ఇంగ్లీషు. ఈ మూడింటిలో ఏదీ ఆ బిడ్డ చెవికి చేరదు. తిను, పడుకో, రా, పో అన్న కొద్దిపాటి ఇంటి సైగలతోనే బాల్యం గడిచిపోతుంది. ఆ బిడ్డకు తెలివి తక్కువని మనము అనుకుంటాము. నిజానికి ఆ బిడ్డకు అందనిది భాష.

భాష అందితే ఏమవుతుందో చూడదలచిన వారికి అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని గాలడెట్ విశ్వవిద్యాలయం ఒక నిదర్శనం. 1864లో నాటి దేశాధ్యక్షుడు అబ్రహాం లింకన్ సంతకంతో డిగ్రీలు ఇచ్చే అధికారం పొందిన ఈ సంస్థ బధిరుల కోసమే నెలకొన్నది. దాని తొలి అధ్యక్షుడు ఎడ్వర్డ్ మైనర్ గాలడెట్ తల్లి స్వయంగా బధిరురాలు. అక్కడ గణితమైనా, చరిత్ర అయినా, జీవశాస్త్రమైనా పాఠం సైగభాషలో సాగుతుంది. చదువు, రాత ఇంగ్లీషులో ఉంటాయి. ఒకరి చేతులు ఒకరికి కనిపించేలా విద్యార్థులు అర్ధచంద్రాకారంలో కూర్చుంటారు. అందరి దృష్టిని మరల్చవలసి వస్తే దీపం ఆర్పి వెలిగిస్తారు. మెచ్చుకోలుకు చప్పట్లకు బదులు రెండు చేతులు పైకెత్తి ఆడిస్తారు. నాటకాలు, ఆటలు, వాదోపవాదాలు అన్నీ ఉన్నవి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆటగాళ్లు గుండ్రంగా గుమిగూడి వ్యూహం చెప్పుకునే పద్ధతి 1890లలో ఆ విద్యార్థుల నుండే వ్యాపించినదని చెబుతారు. తమ సైగలు ఎదుటి జట్టు కంట పడకుండా వారు అలా నిలబడేవారు. బధిర సమాజంలో ప్రతి వ్యక్తికీ ఒక సైగ పేరు ఉంటుంది. మన బస్తీలో పేరు పోగొట్టుకున్న బిడ్డను ఇక్కడ ఒకసారి తలచుకోండి.

అయితే ఆ సంస్థలోనూ హక్కులు అడగకుండా రాలేదు. స్థాపించిన 124 ఏళ్ల వరకు ఒక్క బధిరుడైనా అధ్యక్షుడు కాలేదు. 1988 మార్చిలో పాలకమండలి అర్హులైన బధిర అభ్యర్థులను కాదని, వినికిడి గల వ్యక్తిని ఎంపిక చేసినది. విద్యార్థులు ప్రాంగణం గేట్లు మూసివేసినారు. బధిర అధ్యక్షుడు కావలెను, మండలి అధ్యక్షురాలు తప్పుకోవలెను, మండలిలో బధిరులే అధిక సంఖ్యలో ఉండవలెను, ఉద్యమించిన వారిపై చర్యలు ఉండరాదు అని నాలుగు కోర్కెలు పెట్టినారు. వారం రోజులకే నాలుగూ నెరవేరినవి. ఐ. కింగ్ జోర్డాన్ తొలి బధిర అధ్యక్షుడైనాడు.

మైనారిటీలమైన మనము గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. అదే సంస్థ చాలా కాలం నల్లజాతి బధిరులకు తలుపులు మూసి ఉంచినది. అక్కడ డిగ్రీ పొందిన తొలి నల్లజాతి విద్యార్థి ఆండ్రూ ఫాస్టర్. ఆ సంవత్సరం 1954. ఆయన తరువాత ఆఫ్రికా వెళ్లి, బధిర బాలల కోసం ముప్పైకి పైగా పాఠశాలలు స్థాపించినాడు. రెండు వివక్షలు ఒకే బిడ్డపై పడినప్పుడు, ఒకదానిపై పోరాడేవారు రెండవదానిని మరచిపోతారు. మన ముస్లిం బధిర బాలిక విషయంలో మనమూ ఆ పొరపాటే చేస్తున్నాము.

మన దేశంలో బధిరులకే ప్రత్యేకించిన అట్టి విశ్వవిద్యాలయం లేదు. కాని చట్టం ఉన్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం గల పిల్లలకు 6 నుండి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలలో 5 శాతానికి తగ్గకుండా సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషన్. అందులో 1 శాతం వినికిడి లోపం గలవారికి. సైగభాష తెలిసిన ఉపాధ్యాయులను నియమించవలసిన బాధ్యతను కూడా ఆ చట్టమే ప్రభుత్వంపై ఉంచినది. నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయానికి, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయానికి కూడా ఈ చట్టం వర్తిస్తుంది. అయితే సీటు ఇచ్చి, పాఠాన్ని సైగలలోకి మార్చి చెప్పే దుబాసీని ఇవ్వకపోతే ఆ విద్యార్థి తరగతిలో గోడను చూస్తూ కూర్చోవలసినదే. ఉర్దూ బిడ్డకు ఉర్దూలో చదువు కావాలని అడిగే మనము, బధిర బిడ్డకు సైగభాషలో చదువు కావాలని కూడా అంతే గట్టిగా అడగవలెను.

ఈ రంగంలో దేశంలోని ప్రధాన జాతీయ సంస్థ మన హైదరాబాదీ అలీ యావర్ జంగ్ పేరు మీద ఉన్నది. ఉస్మానియా, అలీగఢ్ విశ్వవిద్యాలయాలకు ఉపకులపతిగా పనిచేసిన వారాయన. 1983లో ముంబయిలో ఏర్పడిన ఆ సంస్థకు సికింద్రాబాదులోని మనోవికాస్‌నగర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉన్నది. మన ఊళ్ల నుండి ఒక్క పూట బస్సు ప్రయాణం.

ధర్మం దృష్ట్యా చూచినా మనకు సాకు లేదు. జ్ఞానం కోరి వచ్చిన అంధుడైన అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ (రజి) సందర్భంగానే దివ్య ఖురాన్‌లోని 'అబస' సూరా అవతరించినది. తరువాత ఆయన ప్రవక్త (స) మస్జిద్‌లో ముఅజ్జిన్ అయినారు. మూగవారి స్పష్టమైన సైగ నోటిమాటతో సమానమని మన ఫిఖహ్ పండితులు శతాబ్దాల క్రితమే అంగీకరించినారు; నికాహ్‌లో సైగతో చెప్పిన ఖుబూల్ చెల్లుతుంది. నికాహ్‌కు చాలిన భాష జుమా ఖుత్బాకు, ఖురాన్ పాఠానికి ఎందుకు చాలదు?

కనుక మా మనవి ఇది. బిడ్డ పిలుపుకు తిరిగి చూడకపోతే 'పెద్దయితే మాట వస్తుంది' అని ఏళ్లు గడపక, వెంటనే వినికిడి పరీక్ష చేయించండి. వైకల్య ధ్రువీకరణ పత్రం తీసుకొనండి. ఆడపిల్ల అని ఇంట్లో ఉంచక బధిరుల పాఠశాలకు పంపండి. తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు బిడ్డతో పాటు సైగభాష నేర్చుకొనండి. ప్రతి మస్జిద్ కమిటీ తన మొహల్లాలోని బధిర పిల్లల వివరాలు సేకరించవలెను. రెండు విశ్వవిద్యాలయాల అధికారులకు దుబాసీల నియామకం కోరుతూ మనమందరము కలిసి వినతిపత్రం ఇవ్వవలెను.

ఈ సాయంత్రం ఇంటికి వెళ్లిన తరువాత, మన వాడలోని అట్టి బిడ్డను ఒక్కసారి అకీకా నాటి పేరుతో తలచి, ఆ పేరుకు ఒక సైగ కల్పించండి. అల్లాహ్ మన ప్రయత్నాన్ని స్వీకరించుగాక. ఆమీన్.