సందడిలో ఒక మాట



మా తండ్రిగారు డెబ్బదియవ యేట రచ్చబండకు పోవుట మానివేసిరి. ఇంటిలో ఒంటరిగా పలుకరించినచో ప్రతి మాటకును సరియైన ప్రత్యుత్తరమే యిచ్చుచుండిరి. నలుగురు చేరినచోట మాత్రము మౌనముగా కూర్చుండెడివారు. లేదా, అడిగినది యొకటియైన చెప్పునది మరియొకటిగా నుండెడిది. మతి మందగించినదని ఊరివారనిరి. నేనును అట్లే తలచితిని. ఆ తలంపు ఎంత తప్పో విన్నవించుటకే నేటి ప్రసంగము.

పెండ్లి పందిరిని తలచుకొనుడు. సన్నాయి, డోలు, పిల్లల యేడ్పు, వంటవారి కేకలు అన్నియు నొక్కసారిగా చెవిని పడును. కంటికి రెప్ప కలదు గాని చెవికి లేదు. అయినను ప్రక్కనున్న వియ్యంకుని మాట మనకు తెలియుచునే యుండును. ఈ యేరుట ముఖ్యముగా మెదడు పని. తూర్పార బట్టునప్పుడు గింజ నిలిచి పొల్లు తొలగునట్లు, మెదడు వలసిన గొంతును నిలిపి తక్కినదానిని వెనుకకు నెట్టును. ఒక ప్రక్కనుండి వచ్చు ధ్వని ఆ ప్రక్క చెవికి ముందుగాను, రెండవ చెవికి సెకనులో వేయవ వంతునకు లోపు ఆలస్యముగాను చేరును. ఆ స్వల్పభేదమును బట్టి మెదడు దిక్కు నెరుగును. గొంతు తీరు, పెదవుల కదలిక, మాట సందర్భము దానికి తోడ్పడును.

1953లో కాలిన్ చెర్రీ యను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఒక పరీక్షను ప్రకటించెను. రెండు చెవులకు రెండు వేరు ప్రసంగములు వినిపించి, ఒకదానిని వెంటవెంటనే తిరిగి పలుకుమనెను. రెండవ చెవిలో ఇంగ్లీషు పోయి జర్మను భాష వచ్చినను వారు గుర్తింపలేదు. కాని 1959లో నెవిల్ మోరే యను నాతడు ఆ రెండవ చెవిలో వినువారి పేరునే పలికింపగా, సుమారు ముగ్గురిలో నొకరు గ్రహించిరి. కావున మెదడు మూసిన తలుపు కాదు. ఆప్తుని పేరు విన్నచో లోనికి విడుచు ద్వారపాలకుడు.

వార్ధక్యమున లోచెవిలోని సన్నని రోమకణములు నశించును. హెచ్చు స్థాయి ధ్వనులు ముందుగా తగ్గును. స, త వంటి హల్లులు స్పష్టత గోల్పోవును. మెదడునకు చేరు ఆనవాళ్లే చెదరినప్పుడు ఏరుట దుష్కరమగును. కావుననే నిశ్శబ్దమున వినగలవారు గుంపులో వినలేరు. అది మతిలోపము కాదు. చెవి యంత్రము మేలు చేయును గాని, మాటతోపాటు సందడిని గూడ కొంత పెంచును.

మరి చేయదగినదేమి? వైద్యునిచే చెవులు పరీక్ష చేయింపుడు. పెద్దవారితో మాటాడునప్పుడు ముందు పేరో వరుసయో పెట్టి పిలువుడు. వెలుతురులో ఎదుట నిలిచి, అరవక, నిదానముగా పలుకుడు. ఒకరి తరువాత నొకరు మాటాడుడు.

మా తండ్రిగారిని ఇప్పుడు సందడికి దూరముగా, గోడకు వీపు చేర్చి, అందరి మొగములు కనబడునట్లు కూర్చుండబెట్టుచున్నాము. మొన్న ఒక గట్టు తగవులో అందరును మరచిన పాత సరిహద్దు రాతిని ఆయనయే జ్ఞప్తికి తెచ్చిరి. ఇన్ని యేండ్లు మేము పోగొట్టుకొన్న దేమో ఆనాడు తెలిసినది.

మీ యింట పెద్దవారితో మాటాడవలసినచో, ముందుగా ఈ రేడియోను ఆపుడు. సెలవు.